ముందు వోల్టేజీ చూడు, చిప్పు సంగతి తర్వాత

పిల్లల్ని ఇండియాకి తీసుకెళ్తే ఏం చూపించాలి, ఏం నేర్పాలి? డాలస్‌లో అమ్మలం నలుగురం కలిస్తే ఇదే గోల. గుళ్ళు, చుట్టాలిళ్ళు, ఓ పెళ్ళి తగిలితే ఇంకా మంచిది. మా అమ్మాయికి మాత్రం పోయిన వేసవిలో నెల్లూరులో వంటబట్టింది వేరే: జబ్బెక్కడుందో తేలేదాకా ఏ పార్టూ పీకకూడదని. నేర్పింది మా అన్న. ఒకప్పుడు స్టోన్‌హౌస్‌పేటలో రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసేవాడు.

దాని దగ్గరున్నది రోలాండ్ ఎస్‌హెచ్-101, 1982లో వచ్చిన అనలాగ్ సింథసైజర్, అంటే ఎలక్ట్రానిక్ సర్క్యూట్లతో స్వరాలు పుట్టించే కీబోర్డు. 32 కీలు, నాలుగు కిలోల బరువు. దాచుకున్న డబ్బుతో పాతది కొనుక్కుంది, వదిలి రానంటే రానంది. రోగమల్లా శ్రుతి నిలవకపోవడం. డాలస్‌లో ఏసీ ఇంట్లో ఎప్పుడో ఓసారి తప్పేది. నెల్లూరు ఎండకి పెట్టిన కాసేపటికే జారిపోయింది. పిల్ల ఏడుపు మొహం పెడితే మా అన్నకేమో సంబరం. "కనపడే ఫాల్టు మంచిదేలే అమ్మడూ. వచ్చిపోయేదే చంపుతాది."

అసలు దాన్ని కరెంటుకి పెట్టడమే ఓ తతంగం. తెచ్చిన అడాప్టర్ 120 వోల్టులది, మన 230కి పెడితే మాడిపోతుంది. పైగా ఈ పెట్టెకి 9 వోల్టుల పిన్ను మధ్యలో మైనస్ రావాలి. బజార్లో దొరికేవాటికి ఎక్కువగా మధ్యలో ప్లస్సే ఉంటుంది. అన్న కొత్త అడాప్టర్ వైర్లు తిప్పి అతికి, మీటరు ముల్లు ఆనించి చూసి, మళ్ళీ చూసి, అప్పుడు గుచ్చాడు.

పిల్ల అప్పటికే తీర్పు చెప్పేసింది. స్వరం పుట్టించే ఆసిలేటర్ చిప్పు సీఈఎం3340 పోయింది, కొత్తది తెప్పించాలి, పనిలో పనిగా కెపాసిటర్లన్నీ మార్చెయ్యాలి. అక్కడ ఏది చెడినా మొత్తం మార్చడమే చూసి పెరిగింది, దాన్ననేదేముంది! "ఎందుకు మార్చాల? అది చెడిందని నీకెట్టా తెలుసు?" అన్నాడు మామయ్య. ఇద్దరూ మాట్లాడుకోవడం మానేసి అన్నాలకి కూర్చున్నారు. అమ్మ చేపల పులుసు వడ్డిస్తూ నన్ను చూసి నవ్వింది.

సాయంత్రం పిల్లే మెత్తబడింది. వెనక, నొక్కిన కీకి తగ్గ వోల్టేజీ బయటికిచ్చే సీవీ సాకెట్‌కి మీటరు పెట్టారు. ఒక స్థాయి పైకి పోతే సరిగ్గా 1 వోల్టు పెరగాలి. సరిగ్గా అంతే పెరిగింది, ఆ తర్వాత అటూఇటూ జారలేదు. అంటే కీబోర్డు తప్పు లేదు. తర్వాతి ఉపాయం పిల్లదే: ఆసిలేటర్ స్లైడర్లన్నీ కిందికి దించి, శబ్దాన్ని వడగట్టే ఫిల్టర్‌కుండే రెజొనెన్స్ పూర్తిగా పెంచింది. అప్పుడు ఫిల్టరే ఈల వేస్తుంది. ఆ ఈల ఎంతసేపైనా జారలేదు. మా అన్న కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "ఇదెట్టా తెలిసింది నీకు?" ఆ అడగడంలో చిన్నపిల్లతో మాట్లాడే గొంతు లేదు. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

ఇక మిగిలింది ఆసిలేటర్ చుట్టుపక్కల. జుట్టు ఆరబెట్టుకునే మెషీన్‌కి అట్టముక్క చుట్టి గాలి ఒక్కో చోటికే తగిలేట్టు చేశారు. చిప్పు మీద పెడితే పెద్దగా తేడా లేదు. వేడి తగిలినా తట్టుకునే ఏర్పాటు దాని లోపలే ఉంటుంది. పక్కనున్న ప్రీసెట్ (శ్రుతి సరిచెయ్యడానికి తిప్పే బుల్లి రెసిస్టర్) మీదికి రాగానే శ్రుతి గంతులేసింది. ప్లాస్టిక్ పుల్లతో తట్టినా అంతే. నలభై ఏళ్ళ తుప్పు, లోపల పలక సరిగా ఆనడం లేదు. అదే విలువ ప్రీసెట్ బజార్లో చాక్లెట్ ఖరీదుకి దొరికింది.

శ్రుతి సరిచేసేటప్పుడు ఫ్యాను ఆపేశారు, గాలి తగిలితే లెక్క తప్పుతుందని. అరగంట వేడెక్కనిచ్చి 220, 440, 880 హెర్ట్జ్‌ల స్వరాలు కలిసేదాకా ఇద్దరూ చెమటలు కక్కుతూ తిప్పారు. ఆదివారం తెలుగు క్లాసులో పది వాక్యాలకి నసిగే పిల్ల అక్కడ "కొంచెం ఎక్కువైంది మామయ్యా, వెనక్కి, వెనక్కి, అంతే, ఆపు!" అని అరుస్తోంది.

ఇప్పుడు ఫిల్టర్ స్లైడర్ గరగరమంటోందట. శనివారం వీడియో కాల్‌లో మామయ్యకి చూపిస్తోంది. క్లీనర్ కొట్టమందామని నేను నోరు తెరిచేలోపే అటునుంచి వచ్చింది: "ముందు కదిలించి చూడు."