సీరియల్ నంబర్ చూడకుండా డిస్క్ జోలికెళ్లకండి

శనివారం పొద్దున్నే మా ఇంటి లైనక్స్ సర్వర్ నుంచి డీగ్రేడెడ్ అర్రే (డిస్కుల జతలో ఒకటి పనిచేయట్లేదు) అని మెయిల్ వచ్చింది, లాగిన్ అయి డిస్కుల జత స్థితి చూపే ఎండీస్టాట్ చూస్తే, మంచి డిస్క్‌కి ఒక్కో యూ చొప్పున రెండు యూలు ఉండాల్సిన చోట ఒక్కటే యూ, పక్కన అండర్‌స్కోర్. రెయిడ్ 1, అంటే ఒకే డేటా రెండింటిలోనూ ఉండే రెండు 4 టీబీ డిస్కులు, ఓఎస్ అందులోనే, నాన్న పాత ఫోటోలు స్కాన్ చేసినవీ అందులోనే. డిస్క్ ఆరోగ్యం చెప్పే స్మార్ట్ రిపోర్ట్‌లో ఎస్‌డీబీకి (లైనక్స్ డిస్కులకిచ్చే పేర్లు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ) పెండింగ్ సెక్టార్లు, అంటే సరిగ్గా చదవలేకపోతున్న భాగాలు, వందల్లో ఉన్నాయి, కేబుల్ లూజయితే పెరిగే సీఆర్‌సీ ఎర్రర్లు మాత్రం సున్నా, అంటే డిస్కే పోయింది.

ముందు ఫోటోలన్నీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేశా. రీబిల్డ్ అంటే మిగిలిన డిస్క్‌ని మొదట్నుంచి చివరిదాకా చదవడమే, రెండూ ఒకేసారి కొన్నవి కాబట్టి ఆ రెండోదీ పోతుందేమోనని నాకు భయమేసింది.

రెయిడ్‌ని నడిపే ఎండీఆడ్మ్ టూల్‌లో పాడైనదాన్ని రిమూవ్ చేసి, ఆఫ్ చేసి కేస్ విప్పితే రెండు డిస్కులూ అచ్చం ఒకేలా ఉన్నాయి, స్టిక్కర్లేమో లోపలివైపు. తమ్ముడు టార్చ్ పట్టుకుని చదువుతున్నాడు, "అన్నా, చివర్లో ఎనిమిదా, బీ నా?" అని. ఫోన్‌తో ఫోటో తీసి జూమ్ చేశాం, బీ నే. స్మార్ట్ రిపోర్ట్‌లో రాసుకున్న నంబర్‌తో సరిపోయాకే పీకాం.

కొత్తది ఖాళీగా ఉన్న వేరే పోర్ట్‌లో పెట్టి ఆన్ చేశా. ఎస్‌జీడిస్క్ అనే టూల్‌తో పార్టిషన్ టేబుల్ (డిస్క్‌లో ఏ భాగం ఎక్కడుందో చెప్పే పట్టిక) మంచి డిస్క్ నుంచి కొత్తదానికి కాపీ చేద్దామని, ముందే రాసిపెట్టుకున్న కమాండ్ పేస్ట్ చేసి, ఎంటర్ కొట్టేముందు ఎందుకో ఇంకోసారి సీరియల్ చూస్తే పేర్లు తారుమారైపోయాయి! కొత్తది ఎస్‌డీఏ అయింది, మంచిది ఎస్‌డీబీ అయింది. ఎంటర్ కొట్టుంటే ఖాళీ టేబుల్ మంచి డిస్క్ మీదకి వెళ్లేది. ఆ క్షణం చేతులు చల్లబడ్డాయి నిజంగా. అప్పట్నుంచి డెవ్ డిస్క్ బై-ఐడీ ఫోల్డర్ కింద సీరియల్‌తో కనిపించే పేర్లే వాడుతున్నా, మీరూ అదే వాడండి.

తర్వాత అంతా మామూలే, టేబుల్ కాపీ, కొత్తదానికి జీయూఐడీలు (డిస్క్‌కీ దాని భాగాలకీ ఉండే గుర్తింపు నంబర్లు) మార్చడం, రెయిడ్‌లోకి యాడ్. మధ్యాహ్నం మూడింటికి మొదలైన రికవరీ రాత్రి పదకొండుకి అయింది. కానీ ఓఎస్‌ని బూట్ చేసే గ్రబ్ మాత్రం రెయిడ్‌తో పాటు రాదు, దాన్ని కొత్త డిస్క్ మీద మనమే ఇన్‌స్టాల్ చేయాలి. అది చేసి, ఆఫ్ చేసి, ముందునుంచీ ఉన్న మంచి డిస్క్ కేబుల్ తీసేసి కొత్తదాంతోనే బూట్ చేశా, లేచింది. మళ్లీ ఆ మంచిది తగిలించి రీ-యాడ్ కొడితే, ఏ భాగాలు మారాయో గుర్తుంచుకునే బిట్‌మ్యాప్ ఉండబట్టి రెండు నిమిషాల్లో కలిసిపోయింది, రెండు యూలూ కనిపించాకే పడుకున్నా.