ఐ3లో తెలుగు పడేదాకా వదల్లేదు: విండో మేనేజర్ ఎంపికలో నా అనుభవం

నిన్న రాత్రి ఐ3 అనే లైనక్స్ విండో మేనేజర్‌లో లిబ్రేఆఫీస్ తెరిచి విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే తెలుగు పడింది. ఆ ఊపులోనే ఇది రాసేస్తున్నా, రేపటికైతే సగం మర్చిపోతా.

నాది విజయవాడలో ప్రూఫ్ రీడింగ్ పని. ఎడమ పక్క పబ్లిషర్ పంపిన పీడీఎఫ్, కుడి పక్క టైప్ చేసిన ఫైలు, పొద్దుటి నుంచి రాత్రిదాకా ఇదే. లాప్‌టాప్ పాతది, 4 జీబీ ర్యామ్. డెబియన్ లైనక్స్ మీద గ్నోమ్ డెస్క్‌టాప్ వాడేవాణ్ణి, బ్రౌజరూ ఒక పెద్ద పీడీఎఫ్ కలిపి తెరిస్తే మౌస్ కూడా కదిలేది కాదు. అందుకే డెస్క్‌టాప్ మొత్తం తీసేసి ఒక్క విండో మేనేజర్‌తో సరిపెట్టుకుందాం అనుకున్నా, అంటే విండోల్ని ఎక్కడ పెట్టాలి, ఏది ముందుకు రావాలి అని చూసుకునే ప్రోగ్రాం తప్ప ఇంకేం ఉండదన్నమాట.

ఓపెన్‌బాక్స్ పెట్టా, బాగానే ఉంది, తేలిక, టైటిల్లో తెలుగు కూడా చక్కగా కనిపిస్తుంది, కానీ రెండు విండోల్ని పక్కపక్కన సర్దుకోవడం నేనే చేసుకోవాలి. నాక్కావాల్సింది టైలింగ్, తెరవగానే అదే సర్దేయాలి. హైప్‌ర్‌ల్యాండ్ అనే ఇంకో దాని యానిమేషన్లు నా గ్రాఫిక్స్ వల్ల కాలేదు, దాన్ని పక్కన పెట్టేశా.

తర్వాత డీడబ్ల్యూఎం అనే టైలింగ్ విండో మేనేజర్. 2000 లైన్లు దాటకూడదని పట్టుదలతో రాసిన ప్రోగ్రాం అది, ఏం మార్చాలన్నా దాని కోడ్‌లోని హెడర్ ఫైల్లో మార్చి మళ్ళీ కంపైల్ చేయాలి, అదీ చేశా, నాకు కష్టం అనిపించలేదు. వేగం అద్భుతం. కానీ నేను ఫైళ్ళకి తెలుగులోనే పేర్లు పెడతా. "క్షేత్రయ్య పదాలు" అనే ఫైలు తెరిస్తే పైన బార్‌లో క వేరు, పొల్లు వేరు, ష వేరు, ఏత్వం ఎక్కడో, కింద రావాల్సిన రావత్తు పక్కన మామూలు ర లాగా! కారణం ఏంటంటే అది ఎక్స్‌ఎఫ్‌టీ లైబ్రరీతో ఒక్కో అక్షరాన్ని విడివిడిగా గీస్తుంది, ఒత్తుల్ని, గుణింతాల్ని కలిపి రూపం కట్టే పని దానికి లేదు. దానితోపాటు వాడే డీమెనూ, అంటే ప్రోగ్రాములు తెరిచే మెనూ, కూడా అంతే. ఐ3, ఓపెన్‌బాక్స్, డీమెనూ లాంటిదే అయిన రోఫీ వాడే పాంగో లైబ్రరీకి ఆ పని వచ్చు. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం మంది తెలుగువాళ్ళకి ఎంపిక అక్కడే తేలిపోతుంది, ఏ పోలిక పట్టికలోనూ ఈ గడి ఉండదు.

ఇదే విషయం లైనక్స్ వాళ్ళు కలిసే చోట ఒక సీనియర్‌ని అడిగా. అందరి ముందూ నవ్వి, "ఫైల్ పేర్లు తెలుగులో ఎవరు పెడతారండీ, ఇంగ్లీషులో పెట్టుకోండి" అన్నాడు. పక్కనున్న నలుగురూ నవ్వారు. నా పనే తెలుగు, దాంతోనే నా ఇల్లు గడుస్తుంది, నా ఫైలుకి నా భాషలో పేరు పెట్టుకుంటే తప్పా? స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అని గంటలు గంటలు చెప్పేవాళ్ళకి ఎదుటివాడి భాష అంటే ఇంత చులకనేంటి? ఇంటికొచ్చినా ఆ నవ్వు చెవిలోంచి పోలేదు. ఆ రాత్రే ఐ3 పెట్టా.

ఐ3 2009లో మొదలైంది. మొదటిసారి తెరవగానే కాన్ఫిగ్ ఫైల్, అంటే సెట్టింగుల ఫైలు, తయారు చేయమంటావా, విండోస్ కీ కావాలా ఆల్ట్ కావాలా అని అడుగుతుంది. విండోస్ కీ అన్నా. ఫాంట్ లైన్లో పాంగో అని ఉన్నదాని పక్కన నోటో సాన్స్ తెలుగు అనే ఫాంట్ పేరు రాశా, క్షేత్రయ్య క్షేత్రయ్యలాగే వచ్చాడు. కానీ టైప్ చేద్దామంటే ఒక్క తెలుగు అక్షరం పడదు!

అసలు నరకం ఇక్కడే. తెలుగు టైప్ చేయించే ఐబస్ ప్రోగ్రాం, దానికి భాషల లేఅవుట్లు ఇచ్చే ఎం17ఎన్ ప్యాకేజీ, అందులో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ లేఅవుట్ అన్నీ ఉన్నాయి, గ్నోమ్‌లో పనిచేసినవే. గ్నోమ్ ఐబస్‌ని తనే లేపుతుంది, ఐ3 లేపదు, మనమే లేపాలి. ఇంకా మూడు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్, అంటే ప్రోగ్రాములు మొదలయ్యేటప్పుడు చూసుకునే సెట్టింగులు, ఉంటాయి, విండోల్లో బటన్లూ మెనూలూ గీసే లైబ్రరీలు జీటీకేకి ఒకటి, క్యూటీకి ఒకటి, తెర మీద విండోలు చూపించే ఎక్స్ పాత పద్ధతికి ఒకటి. డెబియన్‌లో ఐఎం-కాన్ఫిగ్ అనే ప్రోగ్రాం వీటిని పెడుతుంది కానీ నేను స్టార్ట్‌ఎక్స్ కమాండ్‌తో, ఎక్స్ మొదలవగానే ఏం నడవాలో చెప్పే నా సొంత ఎక్స్‌ఇనిట్‌ఆర్‌సీ ఫైలుతో మొదలుపెడతా, అలాంటప్పుడు అది అసలు నడవదు. ఆన్‌లైన్లో ఒకాయన ఐ3 కాన్ఫిగ్‌లో కమాండ్లు నడిపే ఎగ్జెక్ లైను పెట్టి ఆ వేరియబుల్స్‌ని ఎక్స్‌పోర్ట్ చేయమన్నాడు. అది పనిచేయదు, నమ్మకండి. ఆ ఎగ్జెక్ వేరే షెల్‌లో నడిచి అక్కడే చచ్చిపోతుంది, మిగతా ప్రోగ్రాములకి అందదు. పనిచేయలేదని చెబితే "మీలాంటివాళ్ళు విండోస్ వాడుకోండి" అని జవాబు. తప్పు సలహా తనిచ్చి పోవాల్సింది నేనా? ఎక్స్‌ఇనిట్‌ఆర్‌సీలో, ఐ3ని పిలిచే లైనుకి పైన, మూడు ఎక్స్‌పోర్టులూ, వెనక నడిచే ఐబస్ డీమన్‌ని లేపే లైనూ రాయాలి. ఆ లైను కింద రాసినవేవీ నడవవు.

ఇదంతా చేశాక కూడా విండోస్ కీ, స్పేస్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. ఐబస్ నడుస్తోంది, ఐకాన్ మీద క్లిక్ చేస్తే తెలుగు పడుతోంది, కీతో మాత్రం లేదు. ఫైల్ ఓపెన్ డైలాగ్ తెరిచి ఉన్నప్పుడు అనుకోకుండా అదే కీ నొక్కితే ఫోకస్ డైలాగ్ లోంచి వెనక విండోకి దూకింది. అప్పుడు వెలిగింది! అంటే ఆ కీని ఐ3 తినేస్తోంది. కాన్ఫిగ్ తీసి వెతికితే మాడ్ (నాకది విండోస్ కీ) ప్లస్ స్పేస్ దగ్గర ఫోకస్ మోడ్ టాగుల్ అని, అంటే తేలే విండోలకీ సర్దిన విండోలకీ మధ్య ఫోకస్ మార్చేది, ఉంది, ఐ3తో వచ్చేదే అది. ఐబస్ భాష మార్చే కీ కూడా మామూలుగా అదే. ఎక్స్‌లో ఒక కీని ఒక ప్రోగ్రాం ముందే పట్టేసుకుంటే అదే కీ ఇంకోదానికి దొరకదు. ఆ లైను పనిచేయకుండా ముందు హాష్ పెట్టి, ఐ3ని, ఐబస్‌ని రీస్టార్ట్ చేశా. పడింది. ఎవడూ చెప్పలేదు, నేనే పట్టుకున్నా, ఇంజినీరింగ్ చదవకుండా.

ఫ్లోటింగ్ విండోలు, అంటే సర్దకుండా పైన తేలే విండోలు, బాగా వాడేవాళ్ళు లైను తీసేయకుండా ఐబస్ సెటప్‌లో కీ మార్చుకోండి. స్క్రీన్‌షాట్ల అందం చూసి మాత్రం ఏ విండో మేనేజరూ ఎంచుకోకండి, వాటిలో ఒక్క తెలుగు అక్షరం కనిపించదు. ముందు తెలుగు పేరున్న ఫైలు తెరిచి టైటిల్ చూడండి, తర్వాత ఒక పేజీ టైప్ చేయండి, రంగులూ గ్యాపులూ ఆ తర్వాత. ఎక్స్ బదులు వచ్చిన వేలాండ్‌కి పోవాలనిపిస్తే స్వే ఉంది, ఐ3 కాన్ఫిగ్‌ని దాదాపు అలాగే తీసుకుంటుంది, నాకైతే ఇప్పుడు అవసరం లేదు. రెండో మానిటర్ తగిలించినప్పుడు ఐబస్ ఐకాన్ మాయమైతే కాన్ఫిగ్‌లో బార్ భాగంలో ట్రే అవుట్‌పుట్ ప్రైమరీ అని రాసి చూడండి.