పైజేబులో పాస్‌పోర్టు

రాత్రంతా ప్రయాణం చేసి పొద్దున్నే స్లొవాకియాలోని కోషిత్సెలో దిగాను. చెక్ రాజధాని ప్రాగ్‌లో ఎక్కాక దారిలో నిద్రలేపి కాగితాలు అడిగినవాళ్లు లేరు. రెండు దేశాలూ సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న షెంగెన్ కూటమిలోవే. 1992 చివరిదాకా అసలు ఒకటే దేశం.

రొట్టె కొందామని ఒక దుకాణంలోకి వెళ్తే సెక్యూరిటీ అతను వెంటపడ్డాడు. పాల దగ్గర ఆగితే ఆగాడు, బిస్కెట్ల వైపు తిరిగితే తిరిగాడు. డబ్బులు కట్టేచోట ఉన్నామె బ్యాగు తెరవమంది. పైనే ఉన్న నీలం పాస్‌పోర్టు చూసి, "ఓ, ఇండియా!" అని నవ్వేసింది. అతను పక్కకి తప్పుకున్నాడు. హమ్మయ్య అనుకున్నాను. అలా అనుకున్నందుకే రోజంతా మనసు చివుక్కుమంటూనే ఉంది.

నన్ను రోమా అనుకున్నారు, అంటే ఎప్పుడో మన వైపు నుంచి యూరప్‌కి వెళ్లిన జిప్సీ. ఇక్కడివాళ్ల నోట ఆ పేరు 'త్సిగాన్'. స్లొవాక్‌లో 'త్సిగానిత్' అంటే అబద్ధమాడటం. మనమేం తక్కువ తిన్నామా, స్టూవర్టుపురం అని ఊరి పేరునే తిట్టు చేసుకున్నాం.

మధ్యాహ్నం లూనిక్ 9కి వెళ్లాను. ఊరి అంచున రోమాల అపార్ట్‌మెంట్లు. 2021లో పోప్ ఫ్రాన్సిస్ వచ్చింది ఇక్కడికే. మెట్ల మీద కూర్చున్న ముసలావిడ నా మొహం పరీక్షగా చూసి, తన ముక్కు పట్టుకుని "నఖ్" అంది. చెవి పట్టుకుని "కన్" అంది. నేను ముక్కు, చెవి అని తెలుగులో చెబితే పెదవి విరిచింది. "నాక్, కాన్, పానీ" అన్నాకే నన్ను ఇండియావాడిగా ఒప్పుకుంది!

పోయిన వారం చెక్ వైపు లెతీ అనే ఊరు చూశాను. యుద్ధకాలంలో అక్కడ రోమాలని బంధించిన క్యాంపుకి కాపలా కాసింది చెక్ పోలీసులే. 1970ల్లో ఆ స్థలంలో పందుల ఫారం కట్టారు. 2022 దాకా కూల్చలేదు. చెక్ రోమాలు దాదాపు అందరూ నాజీల కాలంలో పోయారు. యుద్ధం అయ్యాక, తరతరాలుగా అక్కడున్న జర్మన్లని వెళ్లగొట్టి ఖాళీ అయిన ఊళ్లలోకి, ఫ్యాక్టరీల్లోకి స్లొవాక్ రోమాలు వచ్చారు. 1993లో దేశం రెండయ్యేసరికి వాళ్లు, అక్కడ పుట్టిన వాళ్ల పిల్లలు కూడా, 'స్లొవాక్ వాళ్లు' అయిపోయారు. 1969 నుంచీ కాగితాల మీదే ఉండి ఎవరూ పట్టించుకోని 'చెక్ పౌరుడా, స్లొవాక్ పౌరుడా' అన్న గడి అప్పుడు పైకొచ్చింది. చెక్ పౌరసత్వం కావాలంటే అయిదేళ్లుగా కావాలని చేసిన ఏ నేరానికీ శిక్ష పడి ఉండకూడదన్నారు. జర్మన్లు పోయారు, స్లొవాక్‌లు విడిపోయారు, ఇద్దరికీ పరాయివాడు మాత్రం మారలేదు.

సాయంత్రం నీళ్ల సీసా కోసం ఇంకో కొట్టుకి వెళ్లాను. గుమ్మం దాటుతుంటే చూసుకున్నాను, పాస్‌పోర్టు చొక్కా పైజేబులో సగం బయటికి కనబడేట్టు పెట్టుకుని ఉన్నాను.