నాన్న కంటి ఇంజెక్షన్లు మధ్యలో ఆగకుండా

మేముండేది బెంగళూరులో, కేఆర్ పురం దగ్గర. నాన్నకు షుగర్ వచ్చి చాలా ఏళ్లయింది. కళ్లద్దాలు మార్పిద్దామని తీసుకెళ్తే, కంట్లో చుక్కలు వేసి చూసి, షుగర్ వల్ల రెటీనాలో, అంటే కంటి వెనక పొరలో, నీరు చేరి వాచిందన్నారు. నాన్న నమ్మలేదు. "పేపరు చదువుతూనే ఉన్నాను కదమ్మా!" అన్నారు. ఈ జబ్బుకు నొప్పి ఉండదు, కన్ను ఎర్రబడదు, చాలాకాలం చూపు కూడా బాగానే ఉంటుంది. అందుకే టైప్ 2 షుగర్ బయటపడగానే ఒకసారి, తర్వాత ఏటా రెటీనా పరీక్ష చేయించుకోవాలి. ఇన్నేళ్లలో ఆ మాట నాన్నకు ఎవరూ చెప్పలేదు.

ఆ వాపు తగ్గడానికి మొదట్లో నెలకో ఇంజెక్షన్ అన్నారు. కంట్లో సూది అంటే అందరం టెన్షన్ పడ్డాం. తీరా చూస్తే, మత్తు చుక్కలు వేశాక పెద్దగా తెలియలేదన్నారు నాన్న. అసలు కష్టం ఆ రోజంతా గడవడం. టోకెన్, చూపు పరీక్ష, చుక్కలు, కంటిపాప పెద్దదయ్యేదాకా ఎదురుచూపు, రెటీనా వాపును చూపించే ఓసీటీ స్కాన్, మళ్లీ డాక్టర్ గది ముందు కూర్చోవడం. చుక్కలు వేశాక కొన్ని గంటలపాటు వెలుతురు చూడలేరు, దగ్గరి అక్షరాలు కనపడవు. వెంట మనిషి ఉండాల్సిందే.

అక్కడ మదనపల్లె నుంచి వచ్చే ఒక పెద్దావిడ పరిచయమయ్యారు. కొడుకుది రోజు కూలి. తల్లిని తీసుకొస్తే ఆ రోజు కూలి పోయినట్టే. మధ్యలో రాలేకపోయినందుకు "ఇంత అశ్రద్ధా?" అని ఆవిడను అందరిముందూ కోప్పడ్డారు. నాకు చాలా బాధేసింది. ఆవిడది అశ్రద్ధ కాదు. అలా మాట పడ్డ మనిషి మళ్లీ రావడానికి ఎంత వెనకాడుతుందో ఆలోచించాలి కదా!

వాపు తగ్గగానే నాన్న కూడా "ఇక చాలమ్మా, నువ్వు ఎన్ని సెలవులు పెడతావు?" అన్నారు. రెండో కంటికి లేజర్ చేయించినా చూపేమీ పెరగలేదని నిరాశపడ్డారు. ఒక తెలుగు డాక్టర్ పాత స్కాన్, కొత్త స్కాన్ పక్కపక్కన పెట్టి చూపించారు. లేజర్ ఉన్న చూపును కాపాడటానికేనని, మందు ప్రభావం తగ్గాక వాపు మళ్లీ రావచ్చని వివరంగా చెప్పారు. ఆ పది నిమిషాల మాటలతో నాన్న మనసు మారింది.

డబ్బు సంగతీ చెప్పాలి. ఈ మందుల్లో చవకైనది బెవాసిజుమాబ్. అది మొదట క్యాన్సర్ కోసం వచ్చిన మందు కాబట్టి పేరు వెతికి భయపడకండి, కళ్లకు ఎన్నో ఏళ్లుగా వాడుతున్నారు. 2019లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన ఆరోగ్య బీమా మార్గదర్శకాల్లో కంటిలోపలి ఇంజెక్షన్లను ఆధునిక చికిత్సల జాబితాలో చేర్చారు. మీ పాలసీలో దీనికి విడిగా పరిమితి పెట్టారేమో ముందే అడగండి.

ఇప్పుడు ఆసుపత్రి నుంచి కదలకముందే తర్వాతి తేదీ తీసుకుంటున్నాం, పొద్దున మొదటి టోకెన్లలోనే ఇవ్వమని అడుగుతున్నాం. ఒకసారి నేను, ఒకసారి తమ్ముడు వెళ్తున్నాం. గుర్తుచేసే మెసేజ్ ఇంగ్లీషులో వస్తుంది, నాన్నకు అర్థం కాదు. తెలుగులో ఫోన్ చేసి చెప్పమని, నా నంబరు కూడా కేస్ షీట్‌లో రాసుకోమని అడిగాను. నంబరైతే రాసుకున్నారు.