పిల్లలకు జబ్బేమిటని అడిగాడు

ఒమన్‌లో నేను పనిచేసే కోళ్ళ ఫారంలో కోడిపిల్లలు దిగిన రెండో రోజు, నీళ్ళ ట్యాంకులో విటమిన్ కలపబోతుంటే డాక్టరు వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "పిల్లలకు జబ్బేమిటి?" అన్నాడు. ఏమీ లేదన్నాను. "మరి మందెందుకు?" అని సీసా తీసుకుపోయాడు.

గుంటూరు చుట్టుపక్కల షెడ్లలో పిల్ల దిగింది మొదలు బండెక్కేదాకా ఏదో ఒక సీసా మూత తీస్తూనే ఉంటాం. ఒక వారం విటమిన్లు, ఒక వారం లివర్ టానిక్, ఆపైన కాల్షియం. తెలియక పోసేవాళ్ళమని ఆయన అనుకున్నాడు. అంత తేలిక కాదది.

కంపెనీ దాణాలో విటమిన్లు, ఖనిజాలు ప్రీమిక్స్‌గా ముందే కలిసి వస్తాయి. మొక్కజొన్న, సోయాలతో చేసిన దాణాలో మొదట తక్కువపడేది మిథియోనిన్ అనే అమైనో ఆమ్లం. అదీ కలిపే పంపుతారు. మాంసకృత్తులు మొదటి రోజుల దాణా ప్రీస్టార్టర్‌లో 22, 23 శాతం ఉంటే ఆఖరి దాణా ఫినిషర్‌కొచ్చేసరికి 19, 20కి దిగుతాయి. అందులో ఉన్నదాన్నే మళ్ళీ నీళ్ళలో పోస్తే కోడి అదనంగా పెరగదు. దాణా తాజాగా ఉన్నంతకాలం డాక్టరు మాటే నిజం. మన దగ్గర వానాకాలంలో బస్తాలు గోడకానుకుని నెలన్నర ఉండిపోతాయి, విటమిన్ల బలం తగ్గుతుంది. అలాంటప్పుడే ఆ సీసా ఆదుకునేది. బస్తాలు చెక్కల మీద, గోడకు జానెడు ఎడంగా పేర్చి నెలలోపు వాడేస్తే ఆ అవసరమే రాదు. లివర్ టానిక్ సంగతి వేరు. తేమ 14 శాతం దాటిన మొక్కజొన్నకు బూజు పట్టి, దాని విషం అఫ్లాటాక్సిన్ చేరితే కాలేయం పాలిపోయి పసుపెక్కుతుంది. గడ్డకట్టిన దాణా పారెయ్యకుండా టానిక్ ఎంత పోసినా దండగే.

సీసాల బదులు ఇక్కడ చూసేది పిల్ల కడుపు. దిగిన మర్నాడు వందపిల్లల్ని పట్టి మెడకింద సంచి నొక్కుతారు. 95 పిల్లలకైనా అది నిండుగా, మెత్తగా తగలాలి. గట్టిగా ఉంటే తిన్నది గానీ నీళ్ళు అందలేదు. ఖాళీగా ఉంటే షెడ్డు చల్లగా ఉందనో, మేత దూరంగా ఉందనో అర్థం. అందుకే మొదటి మూడు నాలుగు రోజులు కాగితాల మీద కూడా దాణా చల్లుతారు, పిల్ల ఎత్తున 32, 33 డిగ్రీల వేడి ఉంచుతారు. ఏడోరోజు తూకం దిగిన బరువుకు నాలుగింతలు దాటాలి.

నీళ్ళ విషయంలో మాత్రం తప్పు మనదే, ఒప్పుకుంటాను. విటమిన్లు రోజంతా పైపుల్లో నిలిస్తే జిగురు పట్టి, కోళ్ళు నీళ్ళు తాగే నిప్పిళ్ళు మూసుకుపోతాయి. ఉప్పుల మందు (ఎలక్ట్రోలైట్) ఎక్కువైతే రెట్ట పలచబడి, నేల మీద పరిచిన ఊక తడిసి, అమోనియాకు కళ్ళు మండుతాయి, పాదాలు పుళ్ళు పడతాయి. గుప్పిట్లో ఊక నొక్కి వదిలితే విడిపోవాలి. ముద్దగానే ఉంటే తడి ఎక్కువైనట్టే. నాలుగో వారం చివర వెయ్యి కోళ్ళు రోజుకు దాదాపు 280 లీటర్లు తాగుతాయి. మందు వెయ్యాల్సి వస్తే ఐదారు గంటల్లో తాగేసే నీళ్ళకే కలిపి, తర్వాత మంచినీళ్ళతో పైపులు కడగాలి.

అయితే రోహిణి కార్తెలో ఆ డాక్టర్ని గుంటూరులో మా షెడ్డులో నిలబెట్టాలనిపిస్తుంది. ఇక్కడ మూసిన షెడ్డు, తడి ప్యాడ్లు, పెద్ద ఫ్యాన్లు. అక్కడ వలగోడలు, రేకు కప్పు, గాలి కదలని కృష్ణా తీరపు ఉక్క. రొప్పి రొప్పి కోడి రక్తంలో బొగ్గుపులుసు వాయువు పడిపోతుంది, లవణాలు కారిపోతాయి. ఆ పూట ఎలక్ట్రోలైట్ ఇవ్వాలి, కిలో దాణాకు 200 నుంచి 250 మిల్లీగ్రాముల విటమిన్ సి కూడా కలపాలి. దాన్ని అలవాటంటే నేనొప్పుకోను.

అంతకంటే ముఖ్యం ఫీడర్లు, అంటే మేత గిన్నెలు, పైకెత్తడం. తిన్న కొన్ని గంటలకు అరుగుదల వేడి బాగా పెరుగుతుంది, అది మిట్టమధ్యాహ్నంతో కలిస్తే కోడి నిలవదు. ఉదయం పదికల్లా ఎత్తెయ్యాలి, నీళ్ళు మాత్రం ఆపకూడదు. ట్యాంకుకు తడిగోనె కప్పాలి. సాయంత్రం చల్లబడ్డాక ఫీడర్లన్నీ ఒక్కసారే దించాలి. ఒకటొకటిగా దించితే ఎగబడి ఒకదాన్నొకటి గీరుకుంటాయి. మిగతా మేత తెల్లవారుజామున లైటు వేసి తినిపించాలి.