గులాబీకాయల సీజను లాగ్: పాకం, తాండ్ర, ఒరుగులు

ఇంగ్లండు పల్లెల్లో పొలాల గట్లమీద కంచెలా పెరిగే అడవి గులాబీకి వేసవి మొదట్లో పూలు వస్తాయి. రేకులు రాలాక కింది బుడిపె మెల్లగా ఊరి, సెప్టెంబరుకల్లా ఎర్రగా పండుతుంది. ఇక్కడివాళ్లు రోజ్‌హిప్ అనేది దాన్నే. మన పెరళ్లలో ఈ కాయ అరుదు. పువ్వు విచ్చగానే కోసేస్తాం, వాడిన రెమ్మ కత్తిరించేస్తాం, పైగా నర్సరీలు అమ్మే ముద్దగులాబీల్లో చాలావాటికి కాయ సరిగా పట్టదు. అందుకే గులాబీకి తినే కాయ ఉంటుందంటేనే మనవాళ్లకు కొత్త.

పోలిక కావాలంటే ఉసిరిని తలుచుకోవాలి. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలో అడవి గులాబీకాయకు 100 గ్రాములకు 426 మిల్లీగ్రాముల సి విటమిన్ ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికల్లో ఉసిరికి 600 ఉండేది. రకాన్నిబట్టి, పండిన తీరునిబట్టి రెండింటిలోనూ అంకె బాగా మారుతుంది. తేడా ఒకటుంది: ఉసిరి గింజ చుట్టూ గుజ్జే, గులాబీకాయ లోపల మాత్రం గింజలతోపాటు గాజుముక్కల్లాంటి సన్నటి నూగు. గొంతులో పడితే గీరుతుంది, కడుపులోకి పోతే పేగుల్ని రేపుతుంది. ఈ కాయతో ఏం చేసినా అసలు పని ఆ నూగును ఆపడం, సి విటమిన్ జారిపోకుండా చూడటం.

సెప్టెంబరు 14. రుగోసా కాయలు, 1 కిలో.

రుగోసా తూర్పు ఆసియా గులాబీ. ఇక్కడ పార్కుల్లో, కార్ పార్కుల పక్కన, సముద్రపు ఒడ్డున విరివిగా ఉంటుంది. కాయ చిన్న టొమాటోలా బల్లపరుపుగా ఉండి, తొడిమకు ఎదుటి కొసన పచ్చటి రక్షకపత్రాలు కిరీటంలా నిలబడి ఉంటాయి. ముందుగా పండేది ఇదే, మెత్తబడి పాడయ్యేదీ ఇదే. వేలితో నొక్కితే కాస్త లొంగాలి, చిట్లకూడదు.

మోచేతిదాకా వచ్చే తోలు గ్లవుజులు, కత్తెర తప్పనిసరి. రుగోసాకు సన్నటి ముళ్లు దట్టంగా ఉంటాయి. కంచెల్లోని అడవి గులాబీకైతే ముళ్లు వెనక్కి వంగి ఉంటాయి కాబట్టి చెయ్యి లోపలికి సులువుగా పోతుంది, బయటికి రాదు. రద్దీ రోడ్డు అంచువి, మందు కొట్టిన తోటవి, పూల దుకాణం గులాబీలవి వద్దు. కంచెల్లో ఇదే కాలానికి ఎర్రగా వేలాడే బ్రయోనీ పళ్లు విషం. అది ముళ్లులేని తీగ, పండు మెత్తగా రసంతో ఉంటుంది. అనుమానం వస్తే కాయను కోసి చూడాలి: గట్టి గింజలు, నూగు కనబడితేనే గులాబీ.

సెప్టెంబరు 15. నూగు తీయడం.

కాయను నిలువుగా రెండు చెక్కలు చేసి, టీస్పూను కాడ కొసతో లోపలి గింజలూ నూగూ గీకేయాలి. పలుచటి రబ్బరు గ్లవుజులు ఉండాల్సిందే, కళ్లు నులుముకోకూడదు. ఇక్కడి పిల్లలు ఒకప్పుడు ఈ నూగునే దురదపొడిగా తోటివాళ్ల చొక్కాల్లో వేసేవారు. గీకిన చెక్కల్ని కుళాయి ధార కింద ఒక్కసారి జాడించి తీసేయాలి. నీళ్లలో నానబెడితే విటమిన్ నీళ్లలోకి దిగిపోతుంది. కిలో కాయకు రెండు గంటలు పట్టి, 600 గ్రాముల చెక్కలు తేలాయి.

400 గ్రాములు తాండ్రకు. 200 మిల్లీలీటర్ల నీళ్లుపోసి మూతపెట్టి 12 నిమిషాలు ఉడికించి, మిక్సీలో తిప్పి, సన్న జల్లెడలో గరిటెతో రుద్దితే సుమారు 500 గ్రాముల గుజ్జు వచ్చింది. అందులో 150 గ్రాములు పచ్చడికి తీసి, మిగతాదానికి 70 గ్రాముల చక్కెర, చెంచాడు నిమ్మరసం కలిపి, బేకింగ్ కాగితంమీద 4 మిల్లీమీటర్ల మందాన పరిచి, ఓవెన్ 60 డిగ్రీలమీద, తలుపు సందుగా తెరిచి 7 గంటలు ఉంచాలి. మామిడి తాండ్రలా పొరమీద పొర వేయబోతే కింది పొర తడి లోపలే ఉండిపోయి రెండోవారానికి బూజు పట్టింది. పలుచగా ఒక్క పొరే మేలు. ట్రే మధ్యలో కన్నా అంచులు ముందు ఎండిపోతాయి కాబట్టి అంచుల దగ్గర కాస్త మందంగా పరచాలి. బెల్లంతో చేసిన ముక్కలో బెల్లం రుచే తప్ప కాయ రుచి తెలియలేదు. ఇక్కడ చక్కెరే నయం.

పచ్చడి బాగా కుదిరింది గానీ గుజ్జు ఒంటరిగా పులుపు చాలదు, తీపి వైపు లాగుతుంది. 150 గ్రాములకు ఒకటిన్నర నిమ్మకాయల రసం, వేయించి పొడిచేసిన 6 ఎండుమిరపకాయలు, పావు టీస్పూను మెంతులు, ఒకటిన్నర టీస్పూన్ల ఉప్పు, నాలుగు చెంచాల నువ్వులనూనెలో ఆవాలు, ఇంగువ పోపు. పెరుగన్నంలోకి చక్కగా ఉంటుంది. ఇది నిలవ పచ్చడి కాదు, ఫ్రిజ్‌లో వారం.

మిగిలిన 200 గ్రాముల చెక్కలు ఒరుగులకు. డ్రయ్యరులో 45 డిగ్రీలమీద 9 గంటలు. వంచితే పుటుక్కున విరగాలి, సాగితే ఇంకా తడి ఉన్నట్టే. 50 గ్రాములు మిగిలాయి.

అక్టోబరు 26. డాగ్ రోజ్ కాయలు, సుమారు 2 కిలోలు.

ఇది అసలైన కంచె గులాబీ. కాయ సన్నగా కోలగా, నున్నగా, వేలి కణుపంత ఉంటుంది. ఒక్కోటి చీల్చి గీకాలంటే జన్మ సరిపోదు కాబట్టి దీనికి పాకమే దారి. మంచు పడ్డాక కోస్తే కాయ మెత్తబడి తీపెక్కుతుందంటారు. మంచుకోసం ఆగక, కోసి ఒక రాత్రి ఫ్రీజరులో పెట్టినా అలాగే మెత్తబడుతుంది. ఇంగ్లండు, వేల్స్‌లలో ఇంటివాడకానికి అడవి కాయ కోసుకోవడాన్ని 1968 నాటి చట్టం దొంగతనంగా చూడదు. అమ్మకానికి కోస్తే మాత్రం ఆ మినహాయింపు లేదు.

ఇక్కడివాళ్లకు ఈ పాకం రెండో ప్రపంచయుద్ధంనాటి జ్ఞాపకం. జర్మన్ జలాంతర్గాముల దెబ్బకు కమలాపళ్ల దిగుమతి పడిపోతే, ప్రభుత్వం 1941 నుంచి జనంచేత, బడిపిల్లలచేత కంచెల్లోని కాయలు ఏరించి పసిపిల్లలకోసం పాకం కట్టించింది. 1943లో ఆహార శాఖ ఇంట్లో చేసుకునే పద్ధతిని కరపత్రంగా వేసింది. ఆ కొలతలే ఇప్పటికీ నమ్మకమైనవి:

కాయలు 900 గ్రాములు. నీళ్లు ముందు 1.7 లీటర్లు, తర్వాత 850 మిల్లీలీటర్లు. చక్కెర 560 గ్రాములు.

స్టీలు గిన్నెలో 1.7 లీటర్ల నీళ్లు తెర్లుతుండగానే కాయల్ని బరకగా తిప్పి, తిప్పినది తిప్పినట్టే అందులో వేయాలి. ఒక పొంగు రాగానే దించి 15 నిమిషాలు కదపకుండా ఉంచి వడకట్టాలి. పిప్పిలో తెర్లే నీళ్లు 850 మిల్లీలీటర్లు పోసి 10 నిమిషాలాగి మళ్లీ వడకట్టాలి. రెండు రసాలూ కలిపి 850 మిల్లీలీటర్లకు మరిగించి, చక్కెర వేసి కరిగాక 5 నిమిషాలు ఉడికించి, వేడి సీసాల్లో పోసి వెంటనే బిగించాలి.

వేడినీళ్లలోకే ఎందుకంటే, కాయ నలగ్గానే దానిలోని ఒక ఎంజైము గాలితో కలిసి సి విటమిన్‌ను తినేయడం మొదలుపెడుతుంది. తెర్లే నీళ్లు ఆ ఎంజైమును చంపేస్తాయి. ఇనుము, రాగి తగిలినా విటమిన్ త్వరగా పోతుంది కాబట్టి ఇనప మూకుడు, కళాయిపోయిన ఇత్తడిగిన్నె పనికిరావు.

దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. పలుచటి గంజినీళ్లలో రెండు చుక్కల టింక్చర్ అయోడిన్ వేస్తే నీలంగా మారుతుంది. సి విటమిన్ ఉన్న రసం చుక్కచుక్కగా వేస్తూపోతే ఒకచోట ఆ నీలం పోతుంది. ఎన్ని తక్కువ చుక్కలకు పోతే అంత ఎక్కువ విటమిన్ ఉన్నట్టు. 100 గ్రాముల కాయను తిప్పిన వెంటనే తెర్లే నీళ్లలో వేసి, ఇంకో 100 గ్రాములు తిప్పి అరగంట గాలికి వదిలి వేస్తే, రెండోదానికి దాదాపు రెట్టింపు చుక్కలు పట్టాయి. కచ్చితమైన కొలత కాదుగానీ, పోల్చిచూడటానికి చాలు.

వడకట్టడం దగ్గరే ఎక్కువమంది పాడుచేస్తారు. కొబ్బరిపాలు తీసినట్టు గుడ్డను మెలిపెట్టి పిండటం మన చేతికి అలవాటు. ఇక్కడ పిండితే నూగు నేతలోంచి తోసుకొచ్చేస్తుంది. నాలుగు మడతల మల్లుగుడ్డలో పోసి, మూటకట్టి, రాత్రంతా వేలాడదీసి దానంతటదే కారనివ్వాలి. మర్నాడు రసాన్ని కొత్త గుడ్డలో ఇంకోసారి. వెలుతురుకెత్తి చూస్తే మెరిసే దారాలు కనబడుతున్నాయంటే మూడోసారి.

నవంబరు 9. ఒరుగుల టీ, నూనె.

టీకి రెండు టీస్పూన్ల ఒరుగులు నలగ్గొట్టి 250 మిల్లీలీటర్ల వేడినీళ్లలో మూతపెట్టి 15 నిమిషాలు. ఎండబెట్టడంలో, వేడిలో కొంత విటమిన్ పోతుంది. అయినా రంగు, పులుపు బాగుంటాయి. రాగిజావ, ఆకుకూరల భోజనంతోపాటు తాగితే వాటిలోని ఇనుము ఒంటికి ఎక్కువ పడుతుంది. మామూలు టీ దీనికి సరిగ్గా ఎదురుపని చేస్తుంది.

చర్మానికి: 20 గ్రాముల ఒరుగులు, 100 మిల్లీలీటర్ల నువ్వులనూనె, చీకటిలో మూడువారాలు. నారింజరంగు దిగుతుంది. ఒరుగులో పిసరు తడి ఉన్నా అడుగున మబ్బుపట్టి చెడుతుంది. దుకాణాల్లో రోజ్‌హిప్ ఆయిల్ పేరుతో అమ్మేది ఇది కాదు. అది గింజల్ని గానుగాడించి తీసేది, గింజలో నూనె తక్కువ కాబట్టి ఇంట్లో తీయడం కుదిరేది కాదు.

కీళ్లనొప్పుల సంగతి. డెన్మార్కులో గింజతోసహా చేసిన పొడిని రోజుకు 5 గ్రాములిచ్చి పరీక్షించారు. కొన్ని నెలల్లో నొప్పి కాస్త తగ్గింది. ఆ పరీక్షలు చిన్నవి, ఫలితమూ చిన్నదే, మందు మానేసే పని పెట్టుకోవద్దు. ఇంట్లో గింజతో పొడి కొడితే నూగు కూడా వచ్చేస్తుంది కాబట్టి ఆ పొడి ఇంట్లో చేయకూడదు. భారత వైద్య పరిశోధన మండలి 2020 లెక్కప్రకారం రోజుకు కావలసిన సి విటమిన్ పురుషులకు 80 మిల్లీగ్రాములు, స్త్రీలకు 65. ఒకటి రెండు చెంచాల పాకం ఎవరినీ ముంచదు గానీ, కిడ్నీలో రాళ్లు ఉన్నవాళ్లు, ఒంట్లో ఇనుము పేరుకునే జబ్బున్నవాళ్లు డాక్టరును అడిగి తీరాలి. షుగరున్నవాళ్లకు పాకంకన్నా టీ మంచిది.

డిసెంబరు 7. సీసాల తనిఖీ.

ఏడింటిలో ఒకటి నురగకట్టింది, మూత తీస్తే పులిసిన వాసన. పారబోయాల్సివచ్చింది. ఈ పాకంలో చక్కెర 40 శాతమే, తనంతట తాను నిలవుండాలంటే 65 దాకా కావాలి. అంటే దీన్ని కాపాడేది చక్కెర కాదు, వేడివేడిగా బిగించిన మూత. చెడిన సీసాకు రబ్బరు వాషరు చీలి ఉంది. వచ్చే సీజనుకు మూతలన్నీ కొత్తవి, సీసాలు 200 మిల్లీలీటర్లవి, ఎందుకంటే తెరిచినది ఫ్రిజ్‌లో కూడా రెండు వారాలే. మిగిలిన పాకం అరలీటరు ఐసు ట్రేలో పోసి ఫ్రీజరులో పెట్టాం. కంచె పైకొమ్మల కాయలు కోయకుండా వదిలేశాం. చలికి ఉత్తర దేశాల నుంచి వచ్చే పిట్టలకు ఇప్పుడు అవే తిండి.