అమ్మానాన్నల పదేళ్ల వీసా: అసలు తేదీ ఎక్కడుంది?

అమెరికాలో పిల్లలున్న ఇళ్లలో తరచూ వినే మాట ఒకటుంది: "మాకు పదేళ్ల వీసా వచ్చేసింది, ఇక టెన్షన్ లేదు." నాకైతే అసలు టెన్షన్ అప్పుడే మొదలవుతుందనిపిస్తుంది. పాస్‌పోర్టులో అంటించిన ఆ బి1/బి2 (విజిటర్ వీసా) స్టిక్కర్ మీది గడువుకీ, పెద్దవాళ్లు ఒక్కో ట్రిప్‌లో ఇక్కడ ఎన్నాళ్లు ఉండొచ్చనేదానికీ సంబంధమే లేదు. ఆ గడువులోపు ఎన్నిసార్లయినా వచ్చి లోపలికి రానివ్వమని అడగొచ్చు, అంతవరకే. రానివ్వాలా వద్దా, రానిస్తే ఎన్ని రోజులు అనేది ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర కూర్చున్న ఆఫీసరు చేతిలో ఉంటుంది.

మామూలుగా ఆరు నెలలు ఇస్తారు. ఆ తేదీ ఐ-94 అనే రికార్డులోకి ఎక్కుతుంది. ఇదివరకు చిన్న కార్డు ఒకటి పాస్‌పోర్టుకి పిన్ను కొట్టి ఇచ్చేవాళ్లు, 2013 నుంచి విమానంలో వచ్చేవాళ్లకి అంతా ఆన్‌లైనే, ఇప్పుడు చాలాచోట్ల స్టాంపు కూడా వేయట్లేదు కాబట్టి పాస్‌పోర్టు ఎంత తిరగేసినా ఆ తేదీ కనపడదు. మా అమ్మావాళ్లు వచ్చిన రోజు, పచ్చళ్ల డబ్బాలకి చుట్టిన ప్లాస్టర్లు విప్పకముందే నేను సీబీపీ (అమెరికా కస్టమ్స్, సరిహద్దు శాఖ) వెబ్‌సైట్ తెరిచి "అడ్మిట్ అన్‌టిల్ డేట్", అంటే ఎప్పటిదాకా ఉండొచ్చో ఆ తేదీ అని ఉన్నచోట ఏముందో చూసి, ఆ పేజీ ప్రింటు తీసి ఫ్రిజ్‌కి అంటిస్తాను. నాన్న నవ్వుతారు, నవ్వనీ.

అక్కడ ఐ-94 వెతికేటప్పుడు మనవాళ్లకి ఇంకో తిరకాసు. పాస్‌పోర్టులో ఇంటిపేరూ పేరూ కలిపి ఒకే గడిలో రాయించుకున్నవాళ్లకి వీసా మీద పేరు గడిలో ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదని) అని పడుతుంది. వీసా మీద ఎలా ఉందో అలాగే కొట్టి చూడండి, రాకపోతే గడులు మార్చి చూడండి, రికార్డు లేదని కంగారు పడిపోకండి.

పాస్‌పోర్టు గడువు దగ్గర పడితే ఐ-94 కూడా అక్కడికే ఆపేయొచ్చు. మా అపార్టుమెంట్లో ఒక ఆంటీకి ఆరు నెలలకి బదులు నాలుగే వచ్చాయి, ఇంట్లోవాళ్లేమో ఆరు నెలల లెక్కతో ఎప్పుడో రిటర్న్ టికెట్ కొనేశారు. అందుకే బయల్దేరే ముందే పాస్‌పోర్టు రెన్యూ చేయించుకోవడం మేలు. వీసా పాత పాస్‌పోర్టులో ఉండిపోయినా చెల్లుతుంది, రెండూ పట్టుకొస్తే చాలు. స్టిక్కర్ పీకి కొత్తదాంట్లో అంటిద్దామని మాత్రం ఎవరూ చూడొద్దు!

ఐ-94 తేదీ ఒక్క రోజు దాటినా, పదేళ్లదని మురిసిపోయిన ఆ వీసా చెల్లకుండా పోతుంది. 180 రోజులకి పైగా దాటి వెళ్తే మూడేళ్లు, ఏడాది దాటి వెళ్తే పదేళ్లు మళ్లీ రానివ్వరు. నిజంగా ఉండాల్సిన అవసరం పడితే, అంటే ఆపరేషన్ లాంటిది, గడువు తీరకముందే ఐ-539 అనే ఎక్స్‌టెన్షన్ ఫారం వేసుకోవచ్చు. కానీ వచ్చిన ప్రతిసారీ ఎక్స్‌టెన్షన్ అడుగుతుంటే తర్వాతి ట్రిప్‌లో ఆఫీసరు దాని గురించి గుచ్చి గుచ్చి అడుగుతాడు.

ఇక అందరూ అడిగేది, వెళ్లాక మళ్లీ ఎన్నాళ్లకి రావచ్చని. చట్టంలో ఇన్ని నెలలని ఎక్కడా లేదు. ఇక్కడ ఎన్నాళ్లు ఉన్నారో ఇండియాలో కనీసం అన్నాళ్లయినా ఉండి రండి అని చెప్పుకునేది జాగ్రత్త కోసం పెట్టుకున్న లెక్క, రూలు కాదు. ఆరు నెలలుండి, వెళ్లి, నెల తిరక్కుండా మళ్లీ కౌంటర్ ముందు నిలబడితే వీళ్లు చూడ్డానికి వస్తున్నారా, ఇక్కడే కాపురం పెట్టారా అని ఎవరికైనా అనుమానం వస్తుంది.

దీనికంటే తక్కువమందికి తెలిసింది టాక్స్ సంగతి. ఈ ఏడాది ఇక్కడున్న రోజులు మొత్తం, పోయినేడాది రోజుల్లో మూడో వంతు, ఆ ముందేడాది రోజుల్లో ఆరో వంతు కలిపి 183కి చేరితే విజిటర్ వీసా మీదున్నవాళ్లు కూడా టాక్స్ లెక్కలో రెసిడెంట్లే. ఏటా 180 రోజులుంటే 180, 60, 30 కలిపి 270 అవుతుంది. అప్పుడు గుంటూరులో వచ్చే పెన్షనూ, ఎఫ్‌డీ మీద వడ్డీ కూడా అమెరికాకి చూపించాల్సిన ఆదాయమే. ఆ ఏడాది 183 రోజుల లోపే ఉంటే, మా ఇల్లూ వాకిలీ ఇండియాలోనే అని ఫారం 8840 వేసి బయటపడే దారి ఉంది. నన్నడిగితే ఏటా వచ్చేవాళ్లు 120 రోజులకి మించకపోతే ఈ గోలే ఉండదు, లెక్క 180 దగ్గరే ఆగిపోతుంది. అయినా నాలుగు నెలలకే మా అమ్మకి ఇక్కడ విసుగొస్తుంది, అది వేరే విషయం.

రెన్యూవల్ విషయానికొస్తే, ఇంతకుముందు గడువు అయిపోయి నాలుగేళ్లయినా ఇంటర్వ్యూ లేకుండా డ్రాప్‌బాక్స్‌లో, అంటే కాగితాలు ఇచ్చేస్తే అయిపోయేది. 2025లో దాన్ని ఏడాదికి కుదించారు. అది కూడా దాటిపోతే పెద్దవాళ్లు మళ్లీ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ దాకా వచ్చి ఇంటర్వ్యూకి నిలబడాలి. తెనాలి నుంచో ఏలూరు నుంచో రాత్రి బస్సెక్కి రావాలంటే ఆ వయసులో చిన్న పనేం కాదు, కాబట్టి వీసా గడువు తేదీ ఈ విషయంలో మాత్రం గుర్తుపెట్టుకోవాలి.

పిల్లలు వేరే దేశాల్లో ఉంటే పద్ధతులు వేరు. యూరప్‌లోని షెంగెన్ దేశాలకి ఐదేళ్ల వీసా ఉన్నా ఏ 180 రోజుల్లో చూసుకున్నా 90 రోజులకి మించి ఉండకూడదు. కెనడా వాళ్లు అమ్మానాన్నలకిచ్చే సూపర్ వీసా మీద మాత్రం ఒక్కసారి వెళ్తే ఐదేళ్ల దాకా ఉండనిస్తారు, కాకపోతే పిల్లల ఆదాయం చూస్తారు, లక్ష కెనడా డాలర్ల మెడికల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఇంగ్లండుకి రెండేళ్లు, ఐదేళ్లు, పదేళ్ల విజిటర్ వీసాలు ఉన్నాయి, ఉండేది మాత్రం ట్రిప్‌కి ఆరు నెలలే, కాలం పెరిగేకొద్దీ ఫీజూ పెరుగుతుంది. అక్కడ పదేళ్లకి డబ్బు కట్టినా తక్కువ కాలానికి ఇచ్చి ఊరుకోవచ్చు, మిగిలిన ఫీజు వెనక్కి వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. మొదటిసారి వెళ్లేవాళ్లయితే ఆరు నెలలదో రెండేళ్లదో తీసుకోమంటాను.